ఏం లేదు సార్, గ్యాసే

(ఎపిసోడ్ పాఠం. వినే వీలు లేనివాళ్ళ కోసం మాట్లాడినదాన్ని అక్కడక్కడ సరిచేసి రాసి పెట్టాం.)



ఈసారి నా రెండో పని గురించి చెప్తాను. మొదటి పని మీలో చాలామందికి తెలుసు. ఇక్కడ ఇంగ్లాండ్‌లో ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకుంటాను. రెండో పని నెలకు మూడు నాలుగు రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో నేను పేషెంటును. జబ్బేం లేదు, ఉన్నట్టు నటిస్తాను. మెడికల్ కాలేజీలో చదివే పిల్లలు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి, నన్ను నిజం పేషెంటు అనుకుని మాట్లాడతారు. గంటకు ఇంత అని డబ్బులిస్తారు. దీన్ని సిమ్యులేటెడ్ పేషెంట్ అంటారు, కొన్నిచోట్ల రోల్ ప్లేయర్ అంటారు. మా ఆవిడ నర్సు. ఆమె వీసా మీదే నేను ఇక్కడికి వచ్చాను. ఈ పని సంగతి చెప్తే, "పొద్దున లేస్తే ఇంట్ల చేసే నటనకు బయట పైసలు గూడ ఇస్తున్నరా?" అన్నది.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, దీనికి ముందు నేను గల్ఫ్‌లో పదకొండేళ్ళు ఉన్నాను. ఆ పదకొండేళ్ళలో డాక్టరు బల్లకు ఇవతలి పక్క చాలాసార్లు కూర్చున్నాను. నా కోసం కొన్నిసార్లు, హిందీ రాని మనవాళ్ళకు తోడుగా ఇంకా ఎక్కువసార్లు. ఆ బల్లకు అవతల కూర్చున్నవాళ్ళకు ఏం నేర్పిస్తారో, అసలు నేర్పిస్తారో లేదో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు కొంచెం తెలిసింది.

ఒక రోజు ఎలా ఉంటుందో చెప్తాను. వారం ముందు ఒక కాగితం పంపుతారు. అందులో నేనెవరో ఉంటుంది. ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న వేషం ఇది: 52 ఏళ్ళ లారీ డ్రైవరు. మూడు వారాలుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, నిలబడితే తగ్గుతోంది. కాగితంలో మూడు భాగాలుంటాయి. మొదటి భాగం, అడగకపోయినా నేను చెప్పాల్సింది: "ఛాతీలో కొంచెం ఇబ్బందిగా ఉంది, గ్యాస్ అనుకుంటా." రెండోది, అడిగితే చెప్పాల్సింది: నాన్న 54 ఏళ్ళకు గుండెపోటుతో పోయాడు, సిగరెట్లు రోజుకు పది. మూడోది, బాగా అడిగితేనే చెప్పాల్సింది: "గుండె జబ్బని తేలితే లారీ లైసెన్సు ఆపేస్తారేమోనని భయం." బాగా అడగడం అంటే ఏంటో కూడా కాగితంలోనే రాసి ఉంటుంది. మొహం చూసి అడగాలి, అడిగాక ఆగాలి. అడిగి, నేను నోరు తెరిచేలోపే ఇంకో ప్రశ్న వేస్తే చెప్పకూడదు.

ఈ కాగితం మొదటిసారి చదివినప్పుడు నాకు చదివినట్టు అనిపించలేదు, చూసినట్టు అనిపించింది. ఎందుకంటే ఈ మనిషి నాకు తెలుసు. నేను కింది బెడ్డు మీద, ఆయన పై బెడ్డు మీద, నాలుగేళ్ళు ఒకే రూములో ఉన్నాం.

ఆయన పేరు చెప్పను, అన్న అంటాను. మా పక్క మండలం. షట్టరింగ్ కార్పెంటరు. ఒక ఎండాకాలం కొన్ని వారాలపాటు, పరంజా ఎక్కితే ఛాతీ బిగుసుకుంటోందని నాతో రాత్రిపూట అనేవాడు. ఎడమ చెయ్యి లాగుతోందనీ అన్నాడు. "పొద్దున చెప్పకు, మనలోనే ఉండనియ్" అని కూడా అన్నాడు. ఒక శుక్రవారం బలవంతం చేసి కంపెనీ క్లినిక్‌కు తీసుకుపోయాను. అన్నకు హిందీ తక్కువ, అందుకని మాట్లాడింది నేనే. డాక్టరు కంప్యూటరు చూస్తూనే ఏమైందన్నాడు. అన్న నా వైపు చూసి, "ఏం లేదు సార్, గ్యాసే" అన్నాడు. నేను హిందీలో అదే మాట చెప్పాను. గ్యాస్ హై సాబ్. చెయ్యి సంగతి చెప్పలేదు. రెండు నిమిషాల్లో గోళీలు పట్టుకుని బయటికి వచ్చాం. తొమ్మిదో రోజు సైటులో పడిపోయాడు.

బతికాడు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే మన గల్ఫ్ కథలు ఎక్కువగా ఇంకోలా అయిపోతాయి, మీరు ఆ భయంతోనే మిగతాది వింటారు. స్టెంటు వేశారు, ఉద్యోగం పోయింది, ఊరికి పంపించారు. ఇప్పుడు ఊళ్ళో చిన్న కిరాణం దుకాణం నడుపుతున్నాడు. ఆయన సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ డాక్టరును నేను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. తలెత్తి చూడలేదు కదా అని. ఈ పనిలో చేరాక తెలిసింది, తలెత్తి చూడటం అనేది కూడా నేర్పాల్సిన విషయమని, అది నేర్పించడం మొదలుపెట్టి కూడా ఎక్కువ కాలం కాలేదని.

దీని చరిత్ర తమాషాగా ఉంటుంది. అమెరికాలో హోవార్డ్ బారోస్ అని నరాల డాక్టరు. ఆయన కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు, డాక్టర్ల పరీక్షల కోసం నిజం పేషెంట్లను కూర్చోబెట్టేవాళ్ళు. ఒక పేషెంటు ఆయనతో తర్వాత ఒక మాట చెప్పాడట. పరీక్షకు వచ్చినవాళ్ళలో ఒకడు నన్ను మరీ మొరటుగా చూశాడు, అందుకని నేను నా జబ్బు లక్షణాలను మార్చి చూపించాను అని. అంటే కోపమొస్తే పేషెంటు జబ్బునే మార్చేశాడు! అక్కడ బారోస్‌కు వెలిగింది, మనిషి జబ్బును నటించగలడని. 1963లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో, మోడల్‌గా పనిచేసే ఒకావిడకు, కాళ్ళు చచ్చుబడిన నరాల జబ్బు మనిషిలా నటించడం నేర్పించి, విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. ఆవిడ విద్యార్థి ఎలా మాట్లాడాడో, ఎలా చెయ్యి వేశాడో గుర్తుపెట్టుకుని తర్వాత రాసిచ్చేది. అప్పట్లో చాలామంది నవ్వారు, మెడికల్ కాలేజీలోకి హాలీవుడ్ వచ్చిందన్నారు. నా పని పుట్టింది అక్కడే. ఆవిడ నా వృత్తికి పెద్దమ్మ లెక్క.

తర్వాత 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ అనే ఆయన కొత్త రకం పరీక్ష పెట్టాడు. ఆస్కీ అంటారు. వరసగా గదులో, తెర కట్టిన అరలో ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో పని. గంట కొడితే విద్యార్థి తర్వాతి దానికి పోవాలి. మన ఊళ్ళ నుంచి వచ్చే డాక్టర్లు ఇంగ్లాండ్‌లో పనిచేయాలంటే రాసే ప్లాబ్ రెండో పరీక్ష కూడా ఈ తరహాదే, మాంచెస్టర్‌లో జరుగుతుంది. ఒక్కో గదిలో ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో జబ్బు కనుక్కోవాలి, మనిషితో మనిషిలా మాట్లాడాలి. రెండింటికీ మార్కులున్నాయి.

ఇక్కడ పిల్లలకు మొదటి పాఠంలోనే ఒక లెక్క చెప్తారు. మా టీచరమ్మ చెప్పినప్పుడు వెనక కుర్చీలో కూర్చుని నేనూ విన్నాను. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అని ఇద్దరు, డాక్టర్లు పేషెంట్లతో మాట్లాడిన 74 సందర్భాలను రికార్డు చేసి విన్నారు. పేషెంటు తన బాధ మొదలుపెట్టాక డాక్టరు మధ్యలో అడ్డుపడేదాకా పట్టిన సమయం సగటున 18 సెకన్లు. చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్ళు 17 మందే. మరి అడ్డుపడకుండా వదిలేస్తే పేషెంట్లు గంటలకొద్దీ మాట్లాడతారా? స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లో అదీ చూశారు. 335 మంది పేషెంట్లను మాట్లాడనిచ్చి, గడియారం పెట్టి చూస్తే, సగటున 92 సెకన్లలో వాళ్ళే ఆపేశారు. ఒకటిన్నర నిమిషం. మనం ఇంటికి ఫోన్ చేస్తే "తిన్నవా, ఏం కూర" అనేదానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

18 సెకన్లు అని విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. మేం ఆ క్లినిక్‌లో 18 సెకన్లు కూడా వాడుకోలేదు. ఇచ్చిన దాన్ని రెండు సెకన్లలో మేమే మూసేశాం.

అందుకే పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పిస్తారు. 1984లోనే పెండిల్టన్ అనే ఆయన, ఇంకో ముగ్గురు కలిసి రాసిన పుస్తకం నుంచి వచ్చాయి ఇవి. మన భాషలో చెప్పాలంటే: ఇది ఏమై ఉంటుందని మీరు అనుకుంటున్నారు? దీని గురించి మీకు ఏం భయంగా ఉంది? నేనేం చేస్తే బాగుంటుందని వచ్చారు? ఇంతే. విని మీరు నవ్వుకోవచ్చు. డాక్టరు వచ్చి "ఇది ఏం జబ్బనుకుంటున్నవ్" అంటే మనం ఏమంటాం? "అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్త" అంటాం. నిజంగానే ఒక సెషన్‌లో నేను అట్లాగే అన్నాను, వేషంలో ఉండే. ఆ అబ్బాయి బిత్తరపోయాడు. టీచరమ్మ మాత్రం, ఇది మంచి జవాబు, ఇలాంటివాళ్ళే వస్తారు మీ దగ్గరికి, ఇప్పుడేం చేస్తావు అని అతన్నే అడిగింది. అతను కొంచెం ఆలోచించి, "మీకు తెలియాలని కాదు, రాత్రి పడుకున్నప్పుడు మనసులో ఏదో ఒకటి అనుకుని ఉంటారు కదా, అది చెప్పండి" అన్నాడు. అబ్బో అనిపించింది. ఇరవై ఏళ్ళ పిల్లవాడు.

అందరూ అట్లా ఉండరు. నిజం చెప్పాలి కదా. చాలామంది ఈ ప్రశ్నలను ఎక్కాల్లాగా బట్టీ పడతారు. నేను "మా నాన్న గుండెపోటుతో పోయాడు" అంటాను. "అయ్యో, చాలా బాధాకరం" అంటారు, అదే ఊపిరిలో "సిగరెట్ తాగుతారా?" అంటారు. ఆ బాధాకరం అనే మాట ఎన్నిసార్లు విన్నానో, నాకు మా నాన్న మీదే విరక్తి వచ్చింది, వేషంలో నాన్న మీద లెండి. ప్లాబ్‌కు కోచింగ్ తీసుకుని వచ్చినవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. వాక్యాలు అందరివీ ఒకటే, తల ఊపడం కూడా ఒకటే.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఆ పరీక్షకు తయారవుతూ మాతో ప్రాక్టీసు చేసింది. నేను తెలుగువాడినని తెలిసి, సెషన్ అయ్యాక బయట టీ తాగుతూ మాట్లాడింది. "అంకుల్, మా ఓపీలో పొద్దున ఎనిమిదింటికి లైను మొదలైతే గేటు దాకా ఉంటుంది. ఒక్కొక్కరిని మీ భయం ఏంటని అడిగితే సాయంత్రం దాకా తెమలదు. అడగాలని లేక కాదు." నిజమే కదా. మన దగ్గర ప్రభుత్వ దవాఖానలు చూసినవాళ్ళం, ఆ పిల్లను ఏమంటాం? కానీ అక్కడా మొదలైంది. 2018లో మెడికల్ కౌన్సిల్ వాళ్ళు ఎట్‌కామ్ అని, ప్రవర్తన, నీతి, పేషెంటుతో మాట్లాడే పద్ధతి, వీటికి ఒక పాఠ్యక్రమం తయారుచేశారు. 2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచి నుంచి అది చదువులో భాగం. ఆమె అంతకంటే ముందు బ్యాచి. "మాకు ఎవరూ చెప్పలేదు, మా సార్లు ఎట్లా మాట్లాడితే అట్లా మాట్లాడటం నేర్చుకున్నాం. కొందరు సార్లు బంగారం, కొందరు గొంతు తగ్గించడమే ఎరగరు" అన్నది.

ఇప్పుడు మనకు అసలు సంబంధించిన సంగతి, భాష. మా కాలేజీలో ఒక సెషన్ ప్రత్యేకంగా దీనికోసమే ఉంటుంది. అందులో నేను తెలుగే మాట్లాడతాను, ఇంగ్లీషు రానట్టు. నా పక్కన ఇంకో నటుడు నా బావమరిదిగా కూర్చుంటాడు. అతను పంజాబీ, తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ అవసరం లేదు. నేను రెండు నిమిషాలు తెలుగులో చెప్తాను, ఒంటికి పోతే మంటగా ఉంది, నడుము పక్క నుంచి కిందికి గుంజుతోంది, రాత్రి చలి పెట్టింది, ఎండలో పనిచేసి వేడి చేసిందనుకున్నాను అని. చేతులతో చూపిస్తూ చెప్తాను. బావమరిది విని, "కొంచెం నొప్పి అంటున్నాడు, అంతే" అని ఇంగ్లీషులో చెప్తాడు. కథ అంతే. విద్యార్థి ఏం చేస్తాడో చూడాలి.

ఎక్కువమంది బావమరిదితోనే మాట్లాడటం మొదలుపెడతారు. అతనికి నొప్పి ఎప్పటి నుంచి, అతనికి జ్వరం ఉందా అని. నేను గదిలో సామానులాగా కూర్చుని ఉంటాను. కొందరికి మాత్రం తడుతుంది, రెండు నిమిషాల మాట నాలుగు పదాలెట్లా అయింది అని. తట్టినవాళ్ళు ఏం చేయాలో కూడా నేర్పిస్తారు. ఇంటివాళ్ళతో, పైఅధికారులతో అనువాదం చేయించొద్దు, దుబాసీని పిలిపించు, ఫోనులోనైనా సరే. దుబాసీ ఉన్నా పేషెంటు మొహమే చూడు. "అతన్ని అడుగు" అనకు, "మీకు" అని నేరుగా పేషెంటుతోనే మాట్లాడు.

ఆ సెషన్‌లో నేను బావమరిది వైపు చూసినప్పుడల్లా నాకు కనిపించేది పంజాబీ ఆయన కాదు. ఆ కుర్చీలో ఉన్నది నేనే. గ్యాస్ హై సాబ్.

మీలో చాలామందికి అనువాదం చేసేది ఫోర్‌మనో, క్యాంప్ బాసో. వాడి ముందు మనం ఏం చెప్తాం? లీవు అడుగుతున్నాడనుకుంటాడు, అన్‌ఫిట్ అని రాయిస్తాడు అని భయం. అది ఉత్త భయం కాదు, మనం చూసిందే. అందుకని ఇక్కడి డాక్టర్లకు నేర్పే దాన్ని తిప్పి మనం వాడుకోవచ్చు. మాట్లాడనిచ్చే చోట, "ఈయన బయట కూర్చుంటాడు, నేను చెప్తాను" అనండి. నర్సును అడగండి. గల్ఫ్ హాస్పిటళ్ళలో మలయాళీ సిస్టర్లు చాలామంది ఉంటారు, వచ్చీరాని హిందీ ఇద్దరికీ సరిపోతుంది. అదృష్టం ఉంటే తెలుగు సిస్టరే దొరుకుతుంది. ఇంగ్లాండ్‌లో ఉన్నవాళ్ళయితే జీపీ అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పండి, దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు.

భాషలో ఇంకో చిక్కు ఉంది. మన మాటలు కొన్ని దాటవు. వేడి చేసింది అంటాం. నోరు పూసినా అదే, ఒంటికి పోయేటప్పుడు మంట పుట్టినా అదే, ఎండలో కళ్ళు తిరిగినా అదే. మనకు ఒకటే మాట, డాక్టరుకు మూడు వేరే దార్లు. గ్యాస్ కూడా అంతే. పొట్ట ఉబ్బినా గ్యాసే, ఛాతీ పట్టేసినా గ్యాసే, వీపులో పోటు వచ్చినా గ్యాసే. గుండెల్లో మంట అన్నామంటే, దుబాసీ గుండె అనే మాట పట్టుకుంటాడో, మంట అనే మాట పట్టుకుంటాడో వాడి ఇష్టం. జబ్బు పేరు మనం పెట్టకుండా, జరిగేది చెప్తే మేలు. ఎక్కడ, చెయ్యి పెట్టి చూపించాలి. ఎన్ని రోజులుగా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, అది చెప్పాలి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఛాతీ బిగుసుకుని, చెమటలు పట్టి, చెయ్యో దవడో లాగుతుంటే అది గ్యాసా కాదా అని మీరు తేల్చకండి. రూములో సోడా తాగి పడుకోకండి. అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి.

నాకు బాగా నచ్చిన ఇంకో పాఠం ఉంది. డాక్టరు చెప్పింది పేషెంటుకు అర్థమైందా అని తెలుసుకోవడానికి "అర్థమైందా" అని అడగొద్దంటారు. అడిగితే అందరూ తలూపుతారు. మనమైతే ఇంకా గట్టిగా ఊపుతాం. దానికి బదులు, "నేను సరిగా చెప్పానో లేదో తెలియాలి, ఇంటికి పోయాక మీ ఆవిడకు ఏం చెప్తారో నాకొకసారి చెప్పండి" అనాలి. టీచ్ బ్యాక్ అంటారు. డాక్టరు అడగకపోయినా మీరే చెయ్యొచ్చు. "ఈ గోళీ పొద్దున తిన్నాక, ఇది రాత్రి పడుకునే ముందు, అంతేనా సార్?" ఐదు సెకన్ల పని. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఏం జరిగితే నేను మళ్ళీ వెంటనే రావాలి? ఆ సంగతి పేషెంటుకు చెప్పి పంపాలని పిల్లలకు నేర్పిస్తారు. చెప్పకపోతే మార్కు పోతుంది. ఆ శుక్రవారం మేం ఈ ఒక్కటి అడిగి ఉంటే, మెట్లెక్కితే ఎక్కువైతే ఎట్లా అనే మాటైనా వచ్చి ఉండేదేమో.

చెడ్డ వార్త చెప్పడం ఎట్లా అనే పాఠం కూడా ఉంటుంది. 2000లో బెయిల్, బక్‌మన్ అనే డాక్టర్లు, ఇంకొందరు కలిసి ఆరు మెట్ల పద్ధతి ఒకటి రాశారు. కూర్చుని చెప్పాలి. పేషెంటుకు ఇప్పటికే ఏం తెలుసో ముందు అడగాలి. ఎంత తెలుసుకోవాలనుందో అడగాలి. చెప్పే ముందు, "మంచి వార్త కాదు" అని చిన్న హెచ్చరిక ఇవ్వాలి. చెప్పాక ఊరుకోవాలి, ఏడవనివ్వాలి. ఆ తర్వాతే ముందు ఏం చేద్దామనే మాట. ఈ పాఠం జరిగేటప్పుడు నేను అనుకున్నాను, మనవాళ్ళకు ఆ హెచ్చరిక మెట్టు ఒక్కటి ఎవరూ నేర్పకుండానే వచ్చు. ఊళ్ళో ఎవరైనా పోతే గల్ఫ్‌కు ఫోన్ వస్తుంది కదా. "నాయినకు సీరియస్ ఉంది, టికెట్ తీస్కొని రా." పోయాడని ఎవరూ చెప్పరు. మనకూ తెలుసు, సీరియస్ అంటే ఏంటో. విమానంలో ఆ నాలుగు గంటలు తెలిసీ తెలియనట్టు కూర్చుంటాం. మిగతా ఐదు మెట్లు మాత్రం మన దగ్గర లేవు. మా నాన్న పోయినప్పుడు నాకు ఎయిర్‌పోర్టు బయట, జీపు డ్రైవరు చెప్పాడు. పాపం, అతనికి నాకు ముందే తెలుసనుకున్నాడు.

సరే, అన్న దగ్గరికి వస్తాను.

ఈ లారీ డ్రైవరు వేషం పది పదిహేనుసార్లు వేశాక, ఒక ఆదివారం అన్నకు ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగాను. నీ జబ్బును నేను నటిస్తున్నానే, తప్పుగా అనుకోకు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నన్ను యాక్టింగ్ చేస్తున్నవా? పైసలిస్తరా?" అన్నాడు. ఇస్తారన్నాను. "మరి నా వంతు?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఎట్లా చేస్తావో చెయ్యి అంటే ఫోనులోనే చేసి వినిపించాను. దగ్గు ఎక్కువైంది, నాకు దగ్గు లేకుండె అని సరిచేశాడు. తర్వాత అడిగాడు, "భయమేందని అడుగుతరన్నవు గద, ఏం చెప్తవ్?" ఉద్యోగం పోతుందని భయం అని చెప్తా అన్నాను, లైసెన్సు సంగతి కూడా వివరించాను.

"గది కాదురా" అన్నాడు.

"మరి?"

"ఉద్యోగం గురించి నాకేం భయం లేకుండె. ఏజెంటు అప్పు అప్పటికే తీరింది. పంపితే పోదును. పక్క క్యాంపుల ఒకాయన యాదికున్నడా, మంచిర్యాల ఆయన? చెమటలు వడుతున్నయని నడుచుకుంట దవాఖానకు వోయిండు. పెట్టెల ఊరికి వోయిండు. పరీక్షలు చేసిన్రంటే లోపలికి తీస్కపోతరు, లోపలికి వోతే నడిచి బయటికి రాను అని నా భయం. గ్యాస్ అంటే గోళీలిచ్చి పంపిస్తరు."

నాలుగేళ్ళు ఆయన కింది బెడ్డు మీద పడుకున్నాను. చెయ్యి లాగుతోందని తెలుసు, ఎడమ చెయ్యో కుడి చెయ్యో తెలుసు, ఎన్ని మెట్లకు ఆగుతాడో తెలుసు. ఇది తెలియదు. మరి నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

"ఆ డాక్టరు అడగలే. నువ్వు గూడ అడగలే" అన్నాడు. కోపంగా కాదు. దుకాణానికి ఎవరో వచ్చారు, అరకిలో చక్కెర తూచి ఇచ్చి, మళ్ళీ ఫోన్ ఎత్తుకుని పిల్లల చదువుల గురించి మాట్లాడాడు.

మరుసటి వారం టీచరమ్మకు చెప్పాను, కాగితంలో ఆ మూడో భాగం మార్చొచ్చా అని. పరీక్షలో మార్చడానికి వీల్లేదంది. అందరికీ ఒకే ప్రశ్న ఉండాలి, ఒక్క పిల్లకు ఒకలా, ఇంకో పిల్లకు ఇంకోలా చెప్తే మార్కులు తేడా వస్తాయి. ప్రాక్టీసు క్లాసులో అయితే నీ ఇష్టం అంది. అందుకని ఇప్పుడు ప్రాక్టీసులో నా భయం లైసెన్సు కాదు. "హాస్పిటల్లోకి పోతే బయటికి రాను" అనేదే నా భయం.

మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. ఏడుగురి దగ్గర ఆ మాట బయటికి రానే లేదు. కొందరు అడగలేదు, కొందరు అడిగి ఆగలేదు. ఒకతను అడిగాడు, ఆగాడు, నేను చెప్పాను. అతను వెంటనే "అలా ఏం జరగదు, భయపడకండి" అన్నాడు. మంచివాడే. కానీ ఆ మాటతో నాకు ఇంకేం చెప్పాలనిపించలేదు, వేషంలోనూ, లోపల కూడా. ఇంకొక అమ్మాయి ఉంది, మూడో సంవత్సరం. అడిగి ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది, గోడ మీద గడియారం వినిపించింది. ఇంగ్లీషులో చెప్పాల్సిన మాట నా నోట్లోంచి తెలుగులో వచ్చేసింది, అన్న అన్నట్టే. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెన్ను కింద పెట్టి, "మళ్ళీ ఒకసారి చెప్తారా, నెమ్మదిగా, మీకు ఎట్లా వస్తే అట్లా" అంది.

ఆ రాత్రి ఇదంతా అన్నకు వాయిస్ మెసేజ్ పెట్టాను. పొద్దున లేచేసరికి జవాబు వచ్చి ఉంది. "అంత మంచిగనే ఉంది గానీ, ఆ పిల్ల మందు రాసిందా లేదా?"

ఇంకా డాక్టరు కాలేదన్నా, చదువుకుంటోంది అని చెప్పాను.